బిళ్ళ కట్టిన వేసవి

డెబ్భై నాలుగు మే నెలలో రైల్వే సమ్మె మొదలయ్యేనాటికి నా కుడి గజ్జల్లో ఉసిరికాయంత బిళ్ళ ఉంది. సమ్మె గురించి నాకు భయం లేదు. బిళ్ళ గురించే భయం.

అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. విజయవాడ లోకో షెడ్డులో ఫైర్‌మన్‌ని. బొగ్గింజను పొయ్యి ముందు నిలబడి పారతో బొగ్గు ఎత్తి పోయడం నా పని. పద్నాలుగు గంటలు, ఒక్కోసారి పదహారు గంటలు నిలబడి దిగితే కాళ్ళు నావి కానట్టుండేవి. ఎనిమిది గంటల డ్యూటీ అడగడంలో తప్పేముందో నాకు ఎవరూ చెప్పలేకపోయారు. సమ్మె తేదీకి వారం ముందే పోలీసులు క్వార్టర్సుల్లో పడి మనుషుల్ని పట్టుకుపోవడం మొదలుపెట్టారు. "దొరక్కుండా ఉండండి, ఇప్పుడు మీ పని అదే" అన్నారు యూనియన్ వాళ్ళు. రెండు చొక్కాలు, ఒక లుంగీ సంచిలో కుక్కుకుని మా అత్తగారి ఊరికి బయల్దేరాను.

నా భార్య అమలమ్మ నాకు వరసకు మరదలు. పెళ్ళయి నాలుగేళ్ళయినా "బావా" అనే పిలిచేది. "నువ్వూ వచ్చెయ్" అంటే ఒప్పుకోలేదు.

"తాళం వేసుకుపోతే ఇల్లు ఖాళీ చేశామనుకుంటారు. నేనిక్కడే ఉంటా. ఆదివారం వస్తాలే" అంది.

ఉయ్యూరు దాటాక బస్సు దిగి, కాలవ గట్టు మీద రెండు మైళ్ళు నడవాలి. వేసవి గనుక కాలవ కట్టేశారు, అడుగున బురద పెళ్ళలు పెళ్ళలుగా ఎండిపోయింది. నడుస్తుంటే అడుగుకో పోటు. ఊరు చేరేసరికి కుడికాలు ఈడుస్తున్నాను. వాకిట్లో ఉన్న మా అత్త శౌరమ్మ నా మొహం చూడకముందే నా నడక చూసింది.

"ఏంటయ్యా, అలా కుంటుతున్నావు?"

"గజ్జల్లో బిళ్ళ కట్టింది అత్తా."

"కాలికేమన్నా గుచ్చుకుందేమో చూసుకున్నావా?"

మా వైపు ఎవర్నడిగినా ఈ మాటే అంటారు. పాదానికి ముల్లు దిగినా, పుండు పడినా గజ్జల్లో బిళ్ళ కడుతుంది. పుండు మానితే బిళ్ళా కరిగిపోతుంది. అత్త నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, రెండు పాదాలూ వెలుతురుకి తిప్పి, వేళ్ళ సందులు కూడా విడదీసి చూసింది.

"ఒక్క గీతైనా లేదే" అంది.

నేను పాదాలు వెనక్కి లాక్కున్నాను.

కాలికి ఏమీ లేకపోతే ఇంక మిగిలింది ఒకటే. మార్చి నెలలో, ఈస్టరు ముందటి తపస్సుకాలం సగం గడిచాక, ఒక గూడ్సు బండి మీద వెళ్ళి పై ఊళ్ళో దిగాం. తిరుగు బండి మర్నాటికి గానీ లేదు. బండి సిబ్బందికిచ్చే రన్నింగ్ రూములో పడుకోకుండా మా డ్రైవరు ఆమోసూ, నేనూ, ఇంకొకడూ కలిసి ఒక ఇంటికి వెళ్ళాం. ఎందుకు వెళ్ళావంటే నా దగ్గర మంచి జవాబు లేదు. వాళ్ళు వెళ్తున్నారు, నేనూ వెళ్ళాను. ఒక్కసారే. అమలకు చెప్పలేదు. ఈస్టరుకి ముందు మా గుడి ఫాదరు స్వాములవారి దగ్గర పాపసంకీర్తనం చేసుకుని తప్పు ఒప్పుకున్నాను గానీ, ఇంటికొచ్చి ఆ మాట ఎత్తలేదు.

బెజవాడ స్టేషన్ దగ్గర ఏ గోడ చూసినా పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉండేది: సెగ, సవాయి, గజ్జల్లో బిళ్ళలు, సకల సుఖవ్యాధులు రహస్యంగా నయం చేయబడును. కింద ఏదో లాడ్జి పేరు, గది నంబరు. డ్యూటీకి పోతూ వస్తూ అవి చదివి నవ్వుకున్నవాణ్ణే. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆ గోడలే. దొడ్లోకి వెళ్ళి రోజుకి నాలుగుసార్లు ఒళ్ళంతా చూసుకునేవాణ్ణి. పుండు లేదు, పొక్కు లేదు. అయినా బిళ్ళ మాత్రం అలాగే ఉంది. అత్త ఆముదపాకు వెచ్చచేసి ఇస్తే కట్టుకుని పడుకునేవాణ్ణి.

సమ్మె మొదలైన రెండో రోజు ఆమోసు సైకిలు మీద వచ్చాడు. పక్క ఊళ్ళో వాళ్ళ బంధువుల ఇంట్లో దాక్కున్నాడు. నాకంటే పన్నెండేళ్ళు పెద్దవాడు. పొయ్యిలో బొగ్గు ఎక్కడ పలచగా పరచాలో, ఎక్కడ ఒత్తుగా వేయాలో చెయ్యి పట్టుకుని నేర్పింది అతనే. షెడ్డులో ఇంజన్లు వరసగా చల్లబడి నిలబడ్డాయని చెబుతుంటే అతని మొహంలో గర్వం, దిగులు రెండూ కనిపించాయి. తర్వాత నా కాలు వంక చూశాడు. చెప్పాను.

"ఆ రోజుదేనంటావా?" అన్నాను.

"ఇంకేముంటుంది? నాకూ రెండేళ్ళ కింద వచ్చింది. లాడ్జీలో ఒకాయన దగ్గర మూడు సూదులు పొడిపించుకున్నా. పోయింది."

"మీ ఇంట్లో మార్తక్కకి చెప్పావా?"

ఆమోసు నన్ను వింతగా చూశాడు. "ఆడవాళ్ళకి చెప్పే సంగతా అది? గుట్టుగా పొడిపించుకో. సమ్మె అయ్యాక నేనే తీసుకుపోతా. ఈలోగా అమలకి దూరంగా పడుకో, సరిపోద్ది."

అది నాకు తెలివైన సలహాలాగే అనిపించింది. అబద్ధమెందుకు, ఆ పూట చాలా ధైర్యంగా కూడా అనిపించింది.

ఆ మర్నాడే చలిజ్వరం తగులుకుంది. మే నెల ఎండల్లో రెండు దుప్పట్లు కప్పుకుని వణికాను. తొడ లోపలి వైపు ఎర్రగా వాతపెట్టినట్టు చార తేలింది. రెండు రోజులకి జ్వరం కాస్త దిగింది గానీ బిళ్ళ పోటు దిగలేదు.

ఆదివారం పూజ అయ్యాక అమలమ్మ వచ్చింది. చెమటతో తడిసిపోయి ఉంది, అయినా హుషారుగానే ఉంది. ఇల్లు ఖాళీ చేయమని తలుపుకి నోటీసు అంటించారట. దాన్ని చింపలేదట, ముగ్గుపిండి డబ్బా తగిలించుకోవడానికి దాని మీదే మేకు కొట్టిందట. అత్త నవ్వింది. నేను నవ్వలేకపోయాను. అమల దగ్గరికొచ్చి కూర్చుంటే నేను జరిగాను. అన్నం తింటూ తల ఎత్తలేదు. మధ్యాహ్నం నా మంచం లోపల్నుంచి వసారాలోకి లాక్కున్నాను.

సాయంత్రం అత్త పొరుగింటికి వెళ్ళింది. అమల వసారాలో చాప వేసుకుని చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది.

"ఒక మాట అడుగుతా, నిజం చెప్పు" అంది. "సంతకం పెట్టి డ్యూటీలో చేరదామనుకుంటున్నావా?"

"లేదు. అదేం మాట?"

"మరి నా మొహం ఎందుకు చూడవు? మన క్వార్టర్సు లైన్లో ఇద్దరు చేరిపోయారు. వాళ్ళూ ఇట్లాగే నేల చూపులు చూశారు ముందు. భయమేస్తే భయమేస్తోందని చెప్పు. తిట్టను."

నన్ను పిరికివాడనుకుంటోంది. అది పడలేకపోయాను. ఆ ఒక్క క్షణంలో ఆమోసు చెప్పిన తెలివంతా ఎటుపోయిందో తెలియదు.

"సమ్మె సంగతి కాదు అమలా. ఈ బిళ్ళ సంగతి. మార్చిలో పై ఊళ్ళో ఒకదాని దగ్గరికి వెళ్ళాను. సుఖరోగం అంటుకుందేమోనని నా అనుమానం."

ఆమె చేతులు ఆగలేదు. ఒక గింజ తీసి పక్కన పెట్టింది. ఇంకొకటి తీసింది.

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారి."

"నాకు అంటుకుని ఉంటుందా?"

"తెలియదు. అందుకే చెప్పాను."

"అందుకే చెప్పావు. లేకపోతే చెప్పేవాడివి కాదు."

ఆమె చింతపండు అంతా అయ్యేదాకా గింజలు తీసి, చాప దులిపి, చేతులు కడుక్కుని వచ్చి నా ముందు నిలబడింది.

"రేపు మొదటి బస్సుకి బెజవాడ వెళ్దాం. వన్ టౌన్‌లో వెంకటసుబ్బారావు గారని ఒక డాక్టరున్నారు. మా పక్కింటావిడ బాలింత జబ్బు ఆయనే బాగుచేశారు. ఇద్దరం చూపించుకుందాం."

"పోలీసులు పట్టుకుంటే?"

"పట్టుకుంటే జైల్లోనూ డాక్టరుంటాడు. పడుకో."

ఆమె ఆ రాత్రి లోపల తల్లి పక్కన పడుకుంది.

మర్నాడు బస్సు పటమటలోనే దిగిపోయాం. స్టేషన్ వైపు పోకుండా, టాపు వేయించి అమల రిక్షా మాట్లాడింది. వన్ టౌన్‌లోకి మలుపు తిరిగేచోట ఒక కానిస్టేబులు రిక్షా ఆపాడు. నా అరచేతులు చూస్తే చాలు, బొగ్గు పనివాణ్ణని తెలిసిపోతుంది. చేతులు చంకల్లో దాచుకున్నాను.

"ఎక్కడికి?"

"డాక్టరు దగ్గరికండి. నాకు ఒంట్లో బాలేదు. ఆడవాళ్ళ జబ్బు. చెప్పమంటే చెబుతా" అంది అమల.

కానిస్టేబులు మొహం పక్కకి తిప్పుకుని పొమ్మన్నాడు. రిక్షా కదిలాక నేను ఆమె వంక చూశాను. ఆమె రోడ్డు వంక చూస్తోంది.

డాక్టరు గారిది మిరపకాయల గోదాముల మధ్య ఇరుకు మేడ. మెట్లెక్కుతుంటే ఘాటుకి తుమ్ములు. ఆయన అరవై ఏళ్ళ మనిషి, బక్కగా, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాడు. నన్ను బల్ల మీద పడుకోమని, అమలను బయట కూర్చోమనబోయాడు.

"నేనుంటానండీ" అందామె.

ఆయన గజ్జల్లో నొక్కాడు. నేను పళ్ళు బిగించాను.

"ఎవరి దగ్గరికైనా వెళ్ళావా అబ్బాయ్?"

"వెళ్ళానండీ. మార్చిలో, ఒకసారి."

ఆయన చూపు అమల మీదికి వెళ్ళింది.

"నాకు తెలుసండీ. చెప్పాడు" అంది.

"తెలిస్తే సగం పని అయినట్టే. ఇక్కడికొచ్చేవాళ్ళు పదిమందిలో తొమ్మిదిమంది పెళ్ళాన్ని తీసుకురారు. మందు వాళ్ళు తాగుతారు, రోగం ఇంట్లో ఉంటుంది. మళ్ళీ వస్తారు." ఆయన నా వైపు తిరిగాడు. "పుండు పడిందా?"

"లేదండీ."

"ఒంటికి వెళ్తే మంట?"

"లేదండీ."

"చలిజ్వరం?"

"వచ్చిందండీ. రెండు రోజులు."

ఆయన తొడ మీది ఎర్రచార మీద వేలు పెట్టి, గజ్జ దగ్గర్నుంచి మోకాలి వైపు గీశాడు. "ఇట్లా ఇదివరకు ఎప్పుడైనా వచ్చిందా?"

ఆలోచించాను. పోయినేడాది వానాకాలంలో ఒకసారి, అంతకుముందు పెళ్ళయిన కొత్తలో ఒకసారి వచ్చింది. ఇంజను వేడి పడిందనుకుని మజ్జిగ తాగి ఊరుకున్నాను. ఆ మాట చెప్పాను.

"పెళ్ళయిన కొత్తలో కూడానా? అప్పుడు ఎక్కడికీ వెళ్ళలేదుగా?"

"లేదండీ."

"మీ షెడ్డు వెనకాల మురుక్కాలవ ఉందిగా. దోమలుంటాయా?"

"పీకి పందిరేస్తాయండీ."

షెడ్డు మాట నేను చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆయన నా అరచేతుల వంక చూసి చిన్నగా నవ్వాడు.

"నాకు బోదకాలు అనుమానంగా ఉంది. కాలు లావెక్కకముందు ఇట్లాగే మొదలవుతుంది, బిళ్ళలు, జ్వరం. కానీ నువ్వు వెళ్ళొచ్చానంటున్నావు గనుక అనుమానం మీద వదలను. మీ ఇద్దరి రక్తం సవాయి పరీక్షకి పంపిస్తా. బోదకాలు పరీక్ష మాత్రం ఇప్పుడు కాదు. ఆ పురుగులు పగలు లోపల దాక్కుని రాత్రి పది దాటాక నెత్తుట్లోకి వస్తాయి, మీ సమ్మె వాళ్ళలాగా. ఆ వేళకి ఫైలేరియా వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. చీటీ రాసిస్తా."

మొదట నా చేతిలో సూది గుచ్చాడు. తర్వాత అమల జాకెట్టు చెయ్యి పైకి మడిచి చెయ్యి చాపింది. ఏ తప్పూ చేయని ఆ చేతిలోంచి రక్తం సీసాలోకి ఎక్కుతుంటే చూస్తూ నిలబడ్డాను. నాకు పడిన శిక్ష అదొక్కటే అనుకుంటాను. దాన్ని మించింది ఇప్పటిదాకా నాకు ఎవరూ వేయలేదు.

బయటికొచ్చేసరికి పన్నెండు. రాత్రి పదింటిదాకా ఎక్కడుండాలి? బంధువుల ఇళ్ళకి పోతే పోలీసులకి తెలుస్తుంది. గుడికి పోతే అందరూ తెలిసినవాళ్ళే. అమల ఒక్క నిమిషం ఆలోచించి, "సినిమాకి పోదాం. చీకట్లో ఎవరూ చూడరు" అంది.

వరసగా రెండు ఆటలు ఒకే సినిమా చూశాం. నవ్వుల సినిమా. హాలంతా పడీ పడీ నవ్వుతుంటే నా పక్క సీట్లో అమల ఏడ్చింది. శబ్దం లేదు, భుజం కదులుతోంది, అంతే. చెయ్యి వేద్దామా అనుకుని వేయలేకపోయాను. మామూలుగా ఇంటర్వెల్‌లో ఒక గోలీసోడా కొనుక్కుని చెరిసగం తాగేవాళ్ళం. ఆ రోజు ఆమె రెండు తెచ్చింది. నాది నా చేతిలో పెట్టి, తనది తను తాగింది. రెండో ఆటలో నాకు మళ్ళీ జ్వరం తగిలి వణుకు మొదలైంది. నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. చూసి తీసేసుకుంది.

పది దాటాక ఫైలేరియా వాళ్ళ గదిలో ఒకాయన నా వేలు గుచ్చి, గాజుపలక మీద మూడు చుక్కలు పరిచాడు. ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. మంగళగిరి నుంచి వచ్చిన నేతచీరల మూటలు వేసుకుని గుడివాడ పోతున్న లారీ ఒకటి మమ్మల్ని ఎక్కించుకుంది. మూటల మీద ఆమె అటు, నేను ఇటు.

ఫలితాలకి ఐదు రోజులు పట్టింది. అమల ఒక్కతే వెళ్ళి తెచ్చింది. కాలవ గట్టు మీద ఆమె వస్తుంటే, నడకను బట్టి ఏమైనా తెలుస్తుందేమోనని చూశాను. ఏమీ తెలియలేదు. దగ్గరికొచ్చి కాగితాలు నా ఒళ్ళో పెట్టింది.

"మనిద్దరికీ సవాయి లేదన్నారు. ఇంకే సుఖరోగమూ కాదట. నీ నెత్తుట్లో బోదకాలు పురుగులు కనిపించాయి. మాత్రలిచ్చారు. తొందరగా వచ్చారు గనుక కాలు లావెక్కకుండా చూడొచ్చన్నారు."

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. ఇన్ని రోజుల బరువు ఒక్కసారిగా దిగిపోయింది.

"చూశావా, ఏమీ లేదు. అనవసరంగా నిన్ను కూడా..."

"రోగం లేదు" అంది అమల. "వెళ్ళింది ఉందిగా."

ఆ మాట గట్టిగా అనలేదు. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి, తల్లికి కూర తరగడంలో సాయం చేసింది.

అత్తకు బోదకాలు సంగతి ఒక్కటే తెలుసు. "మన ఊళ్ళో ఇంటికొకరున్నారయ్యా బోదకాలు వాళ్ళు. దానికింత మొహం వేలాడేసుకోవాలా?" అని నన్ను కోప్పడి, మాత్రలు వేళకి వేసింది.

మర్నాడు క్వార్టర్సుకి తిరిగి వెళ్ళే ముందు అమల నన్ను పెరట్లోకి పిలిచింది.

"ఆ రోజు నీతో ఎవరెళ్ళారు?"

చెప్పకూడదనుకున్నాను. కానీ ఆమె ముందు ఇంకో అబద్ధం నిలబెట్టే ఓపిక నాకు లేదు. "ఆమోసన్న" అన్నాను. "అతనికి ఇదివరకు నిజంగానే వచ్చిందట. సూదులు పొడిపించుకున్నాడట."

"మార్తక్కకి తెలుసా?"

"తెలియదు."

అమల మొహం మారింది. "రెండేళ్ళ బట్టి పొత్తికడుపు నొప్పని తిరుగుతోంది అక్క. గొడ్రాలు నొప్పి అంటారు అందరూ. తాయెత్తు కూడా కట్టించారు."

ఇంక నన్నేమీ అడగలేదు. ఆ వారంలోనే మార్తక్కను వెంకటసుబ్బారావు గారి దగ్గరికి తీసుకెళ్ళింది. లోపల ఎప్పటినుంచో ఉన్న జబ్బు. మొగుడికి సగం సగం పొడిచిన సూదులు ఆమెకి అసలు పొడవనే లేదు. సరైన మందు పడ్డాక నెలన్నరకి నొప్పి పోయింది. పిల్లలు మాత్రం కలగలేదు. డాక్టరు గారు ఆమోసును కూడా పిలిపించి మళ్ళీ వైద్యం చేశారు.

సమ్మె ఇరవై రోజులకి ఆగిపోయింది. గెలిచామని ఎవరూ అనలేదు. నేను షెడ్డుకి వెళ్తే గేటు దగ్గరే కాగితం చేతికిచ్చారు. ఉద్యోగం లేదు. ఆ గేటు బయటే ఆమోసు కనిపించాడు. అతని చేతిలోనూ అదే కాగితం. దగ్గరికి వెళ్ళబోయాను.

"నీ బతుకు నువ్వు చెప్పుకున్నావు, బాగానే ఉంది. నా పేరెందుకు ఎత్తావురా?" అన్నాడు.

"అడిగింది అన్నా. అబద్ధం చెప్పలేకపోయాను."

"నీకు రాని రోగానికి నా కొంప తీశావు."

సైకిలెక్కి వెళ్ళిపోయాడు. మూడేళ్ళ తర్వాత మమ్మల్ని మళ్ళీ పనిలోకి తీసుకున్నప్పుడు కూడా అతను నన్ను తన ఇంజను ఎక్కనివ్వలేదు. ఒకే షెడ్డులో ఉంటూ రిటైరయ్యేదాకా నాతో మాట్లాడలేదు. పని నేర్పినవాడు అలా దూరమవడం కష్టమే. అయినా ఆ పెరట్లో చెప్పిన మాటకి నేను ఏనాడూ విచారించలేదు. మార్తక్క ఆరు నెలలు పుట్టింట్లో ఉండి, తన ఇష్టంతోనే తిరిగొచ్చింది. మా ఇంటికి రావడం మాత్రం మానలేదు.

క్వార్టర్సు ఖాళీ చేసిన రోజు అమల సామాను బండి మీద పుట్టింటికి పంపించి, తనూ ఎక్కింది.

"నన్ను రమ్మంటావా?" అన్నాను.

"పని చూసుకో. నాకు రావాలనిపించినప్పుడు వస్తా. నువ్వు మాత్రం రావద్దు."

"అనిపించకపోతే?"

"కబురు చేస్తా."

పటమటలో ఒక బియ్యం మిల్లులో బాయిలరు దగ్గర పని దొరికింది. పొయ్యి పొయ్యే కదా, బొగ్గైతే ఏం, ఊకైతే ఏం. మిల్లుకి దగ్గర్లో ఒక గది తీసుకున్నాను. మాత్రల కోర్సు పూర్తిచేశాను. బిళ్ళ కరిగిపోయింది. సాయంత్రాలు గది తలుపు తీసి కూర్చుంటే రోడ్డు మీద బందరు బస్సులు పోయేవి. ఏ బస్సూ ఆగదని మనసుకి చెప్పుకునేవాణ్ణి. చెప్పుకుంటూనే చూసేవాణ్ణి. కాలవకి నీళ్ళు వదిలారని మిల్లు కూలీలు అనుకున్నారు. నారుమళ్ళు పోశారన్నారు. తర్వాత ఊడ్పులన్నారు. కబురేమీ రాలేదు.

జులై ఆఖర్లో ఒక శనివారం, మధ్యాహ్నం వాన వెలిశాక, అమల వచ్చింది. చేతిలో ట్రంకు పెట్టె. చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా బురద. నేను పెట్టె అందుకోబోతే తనే లోపల పెట్టి, గదంతా ఒకసారి కలయజూసింది. అన్నం గిన్నె మూత తీసి చూసింది. దండెం మీద చొక్కా సర్దింది.

"ఊడ్పులయ్యాయి" అంది. "అమ్మకి చెప్పే వచ్చా."

"ఉంటావా?"

"ఉందామనే వచ్చా. ఒక మాట ఒప్పుకుంటేనే. ఏ లైను మీద పోయినా, ఏ మిల్లుకి పోయినా, జరిగింది జరిగినట్టు నాకు చెప్పాలి. రోగం వస్తేనే చెప్పడం కాదు."

"చెబుతా."

"సరే." ట్రంకు పెట్టె మీద కూర్చుంది. "బేసిన్ ఉందా? నీళ్ళు పోసి తే. సబ్బు కూడా."

"దేనికి?"

"దార్లో ఫైలేరియా వాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చా. పురుగు చచ్చినా కాలు జాగ్రత్తగా చూసుకోవాలట. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందుల్లో తడి లేకుండా తుడుచుకుంటే జ్వరం మళ్ళీ మళ్ళీ తిరగబెట్టదట."

నేను బేసిన్ తెచ్చి ఆమె ముందు పెట్టి, పీట వేసుకుని, కాలు నీళ్ళలో పెట్టాను. ఆమె కదల్లేదు.

"నేను కడుగుతాననుకున్నావా?"

"లేదు" అన్నాను.

"అనుకున్నావు" అంది. "కడుక్కో. సరిగ్గా కడుగుతున్నావో లేదో చూస్తా."

సబ్బు తీసుకుని మడమ రుద్దాను, పాదం రుద్దాను, ఒక్కో వేలూ విడదీసి కడిగాను. బయట చూరు నీళ్ళు ఇంకా కారుతున్నాయి. ఆమె పెట్టె మీద నుంచి వంగి, కాసేపు శ్రద్ధగా చూసి, చిటికెనవేలి సందు వదిలేశావంది.